బూడిద గోడలో కిటికీ

"అది కాదే తల్లీ, మీ మ్యూజియంలో నన్నెవరైనా గుర్తుపడితే? 'ఇదిగో, మా బొమ్మ మీద రంగు కొట్టింది ఈవిడే' అని నలుగురిలో నిలదీస్తే నీ ఉద్యోగం ఏం కాను?"

అద్దం ముందు నిలబడి మెడలో కార్డు సరిచేసుకుంటున్న కూతురు నవ్వింది. "నిన్నెవరు గుర్తుపడతారమ్మా? పనిలో ఉన్నప్పుడు ముక్కుకి గుడ్డ, తలకి టోపీ. బ్యాంకు దోచుకోవడానికి బయల్దేరినట్టుంటావు."

"పోనీ అది పాత మిల్లట కదా, కప్పు గట్టిదేనా? వానలకి నానిన కప్పులు చెప్పి కూలవు."

"కూలితే ముందు నా మీదే కూలుతుంది. రోజంతా అక్కడుండేది నేనేగా."

ఊరడిద్దామని అన్న మాటే అది. కానీ ఆ మాటతో తల్లికి ఉన్న భయం కాస్తా రెట్టింపయింది. అప్పటిదాకా ఆ కప్పు ఎవరి మీద కూలుతుందో ఆమె ఆలోచించలేదు.

పనిలో అందరూ ఆమెను బూడిదమ్మ అంటారు. ఊళ్ళో గోడల మీద చెప్పాపెట్టకుండా ఎవరైనా బొమ్మలు గీస్తే, రాతలు రాస్తే, వాటి మీద బూడిద రంగు పూసి గోడను మళ్ళీ ఉత్త గోడగా చేయడం ఆమె ఉద్యోగం. ఎండాకాలం, వానాకాలం, ఎప్పుడైనా అదే రంగు. ఎంత కిరసనాయిలు పెట్టి తోమినా గోళ్ళ మొదట్లో ఆ రంగు అంచు కట్టినట్టు ఉండిపోతుంది. ఆమె కూతురికి పోయి పోయి గోడబొమ్మల మ్యూజియంలోనే ఉద్యోగం దొరికింది. వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని తిప్పుతూ ఒక్కో బొమ్మ గురించి చెప్పాలి. ఇంకా పనితీరు చూస్తున్నారు. నచ్చితేనే ఉంచుకుంటారు.

గడప దాటబోతూ కూతురు ఆగింది. "ఒక్క మాటమ్మా. అక్కడ ఎవరైనా అడిగితే కుట్టుపని చేస్తానని చెప్పు. నేను అలాగే చెప్పాను."

తల్లి ఒక్క క్షణం చెప్పుల వైపు చూసింది. "సరే. ఏం కుడతానని చెప్పను?"

"ఎవరూ అంత లోతుగా అడగరమ్మా."

"అడిగితే? గౌన్లనా, ప్యాంట్లనా?"

"గౌన్లను."

"గౌన్లే నయం. ప్యాంట్లయితే కొలతలు అడుగుతారు," అంది తల్లి. దారి పొడుగునా గౌను కుట్టే పద్ధతి మనసులో వల్లించుకుంటూనే ఉంది.

అది మూతపడిన నూలు మిల్లు. యంత్రాలు తీసుకుపోయారు గానీ, వాటిని బిగించిన బోల్టులు నేలలో అలాగే ఉన్నాయి. ఎవరి కాలికీ తగలకుండా వాటి చుట్టూ పసుపు గీతలు గీశారు. నేలలోకి ఇంకిన నూనె మరకలు ఎంత తుడిచినా పోలేదు కాబోలు, వాటినీ అలాగే ఉంచేశారు. కప్పు రంపం పళ్ళలా ఎగుడు దిగుడుగా ఉంది. నిలువు వైపున్న అద్దాల్లోంచి వెలుగు వాలుగా పడుతోంది. ఆ వెలుగులో, నేల నుంచి కప్పు దాకా, ఒక పసివాడి మొహం. వాడి ఒక్క కనురెప్ప ఆమె ఇంటి తలుపంత ఉంది.

బూడిదమ్మ ముందు కప్పును చూసింది. పగుళ్ళు లేవు. ఊపిరి పీల్చుకుని అప్పుడు బొమ్మను చూసింది. ఎంతసేపు చూసినా ఆమెకు కనిపించేది గోడే.

"ఆ జుట్టు నల్లరంగే," అంది గొంతు తగ్గించి. "నల్లరంగు ఒక్క కోటుకి లొంగదు. ముందు ప్రైమర్ కొట్టి..."

"అమ్మా!"

"ఊరికే అన్నానే. దీన్నెవరు పూస్తారిప్పుడు?"

కూతురు వెంట ఒక గుంపు కూడింది. ఆ పిల్ల గొంతు సవరించుకుని మాట్లాడటం మొదలుపెట్టగానే తల్లి చేతిలోని సంచిని గట్టిగా పట్టుకుంది. మధ్యలో మరచిపోతే? దగ్గు వస్తే? కానీ పిల్ల ఎక్కడా తడుముకోలేదు. ఇంట్లో ఉప్పు అందించమంటే విసుక్కునే నోరు ఇక్కడ ఎంత ఓపికగా, ఎంత చక్కగా చెబుతోంది! గుంపులో అందరికన్నా వెనక నిలబడి తల్లి ఆ మాటలన్నిటికీ తల ఊపుతూ నడిచింది.

మేడమీది గదికి వెళ్ళేదాకా అంతా బాగానే ఉంది.

ఆ గదిలో బొమ్మలు లేవు, ఫోటోలున్నాయి. ఒక్కో గోడకు రెండేసి. ఎడమ పక్క ఫోటోలో బొమ్మ, కుడి పక్క ఫోటోలో అదే గోడ, బూడిద రంగుతో. ఆమె మొదటి జతను చూసింది, రెండో జతను చూసింది, మూడోదాని దగ్గర ఆగిపోయింది. ఆ మూల, ఆ పైపు, పైపు వెనక బ్రష్షు పెట్టి సన్నగా తీర్చిన అంచు. మిగతావాళ్ళు రోలరుతో రెండు లాగులు లాగి వదిలేస్తారు. మూలలు బ్రష్షుతో తీర్చేది ఆమె ఒక్కతే. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఎంత నీటుగా వచ్చిందో అనిపించింది.

"ఈ బూడిద వెనకాల ఒక పక్షుల గుంపు ఉండేది," అంటోంది కూతురు. "గీసినవాళ్ళు రాత్రింబవళ్ళు కష్టపడ్డారు. పూసినవాళ్ళకు ఒక్క పూట పట్టింది. చేతులున్నాయి గానీ, ఆ చేతులకు కళ్ళు లేవు."

గుంపులో ఒక పెద్దావిడ నిట్టూర్చింది. "ఎలా మనసొప్పిందో! అన్నం తినే మనుషులేనా వాళ్ళు?"

బూడిదమ్మ చేతులు రెండూ సంచి వెనక్కి తీసుకుంది.

అప్పుడే ఆ మ్యూజియం నడిపే మేడమ్ అటు వచ్చింది. పొట్టి జుట్టు, పెద్ద కళ్ళజోడు, నవ్వు మొహం. "మీరేనా మా అమ్మాయి వాళ్ళమ్మగారు? కుట్టుపని చేస్తారట కదా! ఎలా ఉందండీ మా మ్యూజియం?"

"గౌన్లు," అంది ఆమె. మేడమ్ అర్థం కాక చూసింది. "అదే... బాగుందండీ. గోడలు బాగున్నాయి."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ అంది, "అది నేను రాసింది కాదమ్మా. ఆ చేతులూ కళ్ళూ మాట. మేడమ్ రాసిచ్చారు. అలాగే చెప్పాలి."

"బాగా చెప్పావు," అంది తల్లి. "ఎక్కడా తడుముకోలేదు. రేపు మధ్యాహ్నం డ్యూటీకి నీళ్ళు పట్టుకెళ్ళు, గొంతు ఎండిపోతుంది."

* * *

మర్నాడు పని బస్టాండుకు ఎదురుగా ఉన్న గోదాము గోడ మీద.

ఆమె పనిచేసే ముఠాలో ఉండేదే ముగ్గురు. బకెట్లు మోసి రంగు కలిపే మనిషి ఆ రోజు రాలేదు. మిగిలింది బూడిదమ్మ, నిచ్చెన. నిచ్చెన అంటే మనిషే. తాడిలా పొడుగ్గా ఉంటాడు గనక ఆ పేరు పడింది. పైగా నిచ్చెన ఎక్కే పని అతనిది. భుజం కింద గోడంతా ఆమె పూస్తుంది, భుజం పైన అతను పూస్తాడు. అది ఏళ్ళ తరబడి వస్తున్న వాడుక. నిచ్చెన ఎక్కేవాళ్ళకు మున్సిపల్ ఆఫీసు ఒక కార్డు ఇస్తుంది. కార్డు లేనివాళ్ళు ఒక్క మెట్టు కూడా ఎక్కకూడదు. ఆ ముఠాలో కార్డున్నది అతనొక్కడికే. ఈ ఏడు అతన్ని పర్మనెంటు చేస్తామన్నారు. ఆ మాట పట్టుకుని ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా వస్తున్నాడు.

ఆ పొద్దున నడుం పట్టేసి వంగిపోయి వచ్చాడు.

"ఏంటి తమ్ముడూ, సగానికి మడిచేశారు నిన్ను?" అంది ఆమె.

"నిచ్చెన కదక్కా, మడత నిచ్చెన," అన్నాడు. నవ్వబోయి 'అబ్బా' అని నడుం పట్టుకున్నాడు.

మేస్త్రీకి ఫోన్ చేశారు. మేస్త్రీ అవతల ఇంకో గోడ దగ్గర ఉన్నాడు. అరుపు ఫోన్లోంచి బయటికి వినపడింది. "సాయంత్రానికి గోడ అయిపోయిందని ఆఫీసుకి చెప్పాలి. గోదాం ఓనరు నా ప్రాణం తీస్తున్నాడు. వాడెక్కలేకపోతే నువ్వెక్కు! ఆకాశంలోకేం కాదుగా, నిచ్చెనేగా!"

"నాకు కార్డు లేదు మేస్త్రీ. పడితే?"

"పడకు!" అని పెట్టేశాడు.

కింద భాగం ఆమె మధ్యాహ్నంలోపు ముగించింది. పిచ్చి గీతలూ, పేర్లూ, ఎవరో ఎవరినో తిట్టిన తిట్లూ. వాటి మీద రంగు పూయడానికి ఆమెకు ఏ రోజూ మనసు పీకలేదు. డబ్బా విప్పి ఇద్దరూ తిన్నాక, గుండె చిక్కబట్టుకుని నిచ్చెన ఎక్కింది. రంగు బకెట్టును కొక్కేనికి తగిలించుకుంది. కింద నిచ్చెన కాళ్ళు పట్టుకుని అతను తల వంచి నిలబడ్డాడు. పట్టుకున్నవాడు పైకి చూడకూడదు. చూస్తే కళ్ళలో రంగు పడుతుంది. కొత్తలో చూసి ఒకసారి వారం రోజులు కళ్ళు మండించుకున్నాడు. అప్పట్నుంచి పైన పిడుగు పడినా తల ఎత్తడు.

"అక్కా, బతికే ఉన్నావా?"

"మాట్లాడించకు తమ్ముడూ, ఊగుతోంది!"

"ఊగేది నిచ్చెన కాదక్కా, నువ్వు."

అంత ఎత్తున, చూరు కింద, ఒక కిటికీ ఉంది. నిజం కిటికీ కాదు, బొమ్మ. ఆ గోడకు అసలు కిటికీలే లేవు. కింద నుంచి చూస్తే అదీ పిచ్చి గీతల్లో ఒకటిగా కలిసిపోయి కనిపిస్తుంది. దగ్గరికి వెళితే తెలిసింది, రెక్కలు తెరిచిన చెక్క కిటికీ, చెక్క మీద పగిలిన రంగు పెచ్చుల దాకా గీశారు. కిటికీలో ఒక నడివయసు ఆవిడ మోచేతులు ఆనించి, చెంప అరచేతిలో పెట్టుకుని బస్టాండు వైపు చూస్తోంది. రావాల్సిన మనిషి ఇంకా రాలేదన్నట్టు ఉంది ఆ చూపు. కోపం లేదు. ఏమయిందో అన్న దిగులు ఉంది.

బూడిదమ్మ చుట్టూ పూసుకుంటూ వచ్చింది. పైన, పక్కన, కింద. రోలరు కిటికీ రెక్క దాకా వచ్చి ఆగింది. ఇంకో లాగు లాగితే ఆవిడ మొహం మీద తలుపు మూసినట్టే.

అన్నం తినే మనుషులేనా?

చేతిలో రోలరు నుంచి చుక్క జారి బకెట్లో పడింది. కదలకుండా ఎంతసేపు అలా ఉండిపోయిందో ఆమెకే తెలియదు. వెనక రోడ్డు మీద బస్సులు ఆగుతున్నాయి, కదులుతున్నాయి. చివరికి ఆమె రోలరు బకెట్లో పెట్టి, సన్న బ్రష్షు తీసి, కిటికీ చుట్టూ అంచు తీర్చింది. ఎప్పుడూ మూలలు తీర్చినట్టే, ఒక్క చుక్క కూడా లోపలికి పోకుండా. ఆ పని పూర్తయ్యేసరికి బొమ్మ నిజం కిటికీలా తేలింది. ఇంతకుముందు గీతల మధ్య దాక్కున్నది ఇప్పుడు బూడిద గోడలో తెరుచుకుని కూర్చుంది.

అప్పుడు భయం వేసింది. పూసేద్దామా అనుకుంది. చెయ్యి లేవలేదు.

"అయిందా అక్కా?"

"అయింది," అంది.

దిగింది. అతను వంగిన నడుంతోనే నిచ్చెన మడిచి బండిలో పెట్టాడు. తల ఎత్తి చూసే ఓపిక అతనికి లేదు. మేస్త్రీకి ఫోన్ చేసి, అక్క చెప్పిన మాటే తానూ చెప్పాడు. అయింది.

* * *

రెండు రోజుల తర్వాత సాయంత్రం కూతురు చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. "అమ్మా, మా మేడమీది గదిలో కొత్త ఫోటో పెట్టారు! బస్టాండు ఎదురు గోడ. అంతా పూసి, ఒక కిటికీని మాత్రం వదిలేశారు. ఎంత జాగ్రత్తగా వదిలారనుకున్నావు! మేడమ్ అయితే ఎగిరి గంతేశారు. పేపర్లో కూడా వేయించారు. 'ఈ చేతికి కళ్ళున్నాయి' అని రాయించారు కింద."

బూడిదమ్మ చేతిలో గిన్నె పొయ్యి అంచుకు కొట్టుకుంది. "ఎవరు తీశారే ఫోటో?"

"ఎవరో. బస్సులో వెళుతూ తీశారట," అని కూతురు నీళ్ళ గ్లాసు అందుకుంది. నీళ్ళు తాగడం అయిపోయినా గ్లాసు దింపలేదు. "ఎవరైతేనేం గానీ, ఆ వదిలినవాళ్ళు ఎంత మంచివాళ్ళో కదమ్మా."

కడుపులోంచి ఒక మాట గొంతు దాకా వచ్చింది. నేనేనే అది, నేనే. పిల్ల మొహం వెలిగిపోతుందేమో చూడాలనిపించింది. వెంటనే మిగతావన్నీ వరస కట్టాయి. పేపర్లో వేశారంటే ఆఫీసులో చూస్తారు. చూస్తే మేస్త్రీని అడుగుతారు. మేస్త్రీ ఎవర్ని అడుగుతాడు? భుజం పైన పని ఎవరిది?

"అన్నం మాడుతోందమ్మా," అంది కూతురు.

* * *

తెల్లారి, పని సామాన్లుండే షెడ్డు దగ్గర మేస్త్రీ పేపరు చేత్తో ఊపుతూ నిలబడి ఉన్నాడు. "కళ్ళున్నాయట! చేతికి కళ్ళు! ఇంజినీరు సారు నాకు కళ్ళు లేవా అని అడిగాడు పొద్దున్నే! గోదాం ఓనరు ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు. అయిందని చెప్పావు కదరా నువ్వు? ఏదిరా అయింది?"

నిచ్చెన పేపరు అందుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె వైపు ఒక్కసారి చూసి, పేపరు మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"భుజం పైన పని నీది. నువ్వే వదిలేశావని రాసి పంపిస్తున్నా. సారు సంతకం పెట్టేదాకా పనిలోకి రావద్దు. పర్మనెంటూ లేదు, పాడూ లేదు."

అతను టోపీ తీసి మేకుకి తగిలించాడు. మిగతావాళ్ళు బకెట్లు సర్దుకుంటున్నట్టు నటించారు. అతను గేటు దాటాక గానీ బూడిదమ్మ కదల్లేదు. మేస్త్రీ దగ్గరికి వెళ్ళింది.

"మేస్త్రీ, ఎక్కింది నేను. వదిలింది నేను. మీరే కదా ఎక్కమన్నది."

మేస్త్రీ ఆమెను షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. అది ఆమెను ఇంకా భయపెట్టింది. "చూడు బూడిదమ్మా. నువ్వు ఎక్కలేదు. కార్డు లేని మనిషిని ఎక్కించానని తెలిస్తే నేను పోతాను, ఎక్కినందుకు నువ్వు పోతావు, ఎక్కనిచ్చినందుకు వాడూ పోతాడు. ముగ్గురు పోయే బదులు ఒకడితో పోనీ. ఎదిగిన పిల్ల ఉంది నీకు. ఇంటికెళ్ళి ఆలోచించుకో."

ఆమె ఇంటికి వెళ్ళలేదు. నిచ్చెన ఉండే సందుకు వెళ్ళింది. అతను అరుగు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. భార్య నడుం మీద వేడి గుడ్డతో కాపడం పెడుతోంది. ఆమెను చూడగానే భార్య గుడ్డ అక్కడ పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

"తమ్ముడూ, పైన వదిలేసింది..."

"నేనెక్కలేదని నాకు తెలీదా అక్కా?" అన్నాడు తల తిప్పకుండా.

"మరి నోరెందుకు విప్పలేదు? నా పేరెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీదీ పోతుంది. నాది ఎలాగూ పోయేదే. నీ పిల్ల ఇప్పుడిప్పుడే కాళ్ళ మీద నిలబడుతోంది." తల ఇటు తిప్పి అడిగాడు, "ఒక్కటి చెప్పక్కా. అయిందా అని అడిగితే అయిందన్నావు. వదిలేశానని ఆ ఒక్క ముక్క చెబితే ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేసేవాళ్ళం కదా. నన్నెందుకు నమ్మలేదు?"

ఆమె పడిపోయిన గుడ్డ తీసి, వేడినీళ్ళలో ముంచి, పిండి, అతని నడుం మీద పెట్టింది. అది చల్లారేదాకా కూర్చుని లేచి వచ్చేసింది.

* * *

ఆ తర్వాతి రోజు కూతురు తయారవుతూ అంది, "ఇవాళ మీ ఇంజినీరు సారు మా దగ్గరికి వస్తున్నారు. ఆ కిటికీ వదిలిన మనిషిని కూడా తీసుకొస్తున్నారట. మేడమ్ పూలగుత్తి తెప్పించారు."

"ఎవర్ని తెస్తున్నారట?"

"నిచ్చెన మావయ్యని." ఆ పిల్ల దువ్వెన పెట్టి తీసిన పాపిటే మళ్ళీ తీస్తోంది. "ఆయనేగా మరి భుజం పైన."

"ఆయన్ని పనిలోంచి తీసేస్తున్నారే," అంది తల్లి.

దువ్వెన ఆగిపోయింది. "తీసేస్తున్నారా? మెచ్చుకోవడానికి కదా రమ్మన్నది?"

"మెచ్చుకునేది మీ మేడమ్. మా వాళ్ళు మెచ్చుకోరు. చెప్పిన పని చెయ్యలేదని తీసేస్తారు." తల్లి చెప్పులు వేసుకుంది. "నేనూ వస్తాను. నువ్వు నాకు దూరంగానే ఉండు. ఏం జరిగినా నా పక్కకి రాకు. నీ ఉద్యోగం జాగ్రత్త."

కూతురు ఏదో అనబోయి, కార్డు మెడలో వేసుకుని, తల దించుకుని ముందు నడిచింది.

మేడమీది గదిలో కొత్త ఫోటో తలుపంత ఉంది. దాని ముందు ఇంజినీరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పక్కన మేస్త్రీ. వాళ్ళ వెనక నడుం కాస్త వంచి నిచ్చెన. మేడమ్ చేతిలో పూలగుత్తితో అతని వైపు నవ్వుతూ చూస్తోంది. అతను ఆ పూల వైపు, ఎవరో పోయినప్పుడు తెచ్చిన పూలను చూసినట్టు చూస్తున్నాడు.

"మీరు అభినందించండి, నాకు అభ్యంతరం లేదు," అంటున్నాడు ఇంజినీరు. "నాకు మాత్రం సంజాయిషీ కావాలి. ఏమయ్యా, ఇది నువ్వు వదిలిందేనా?"

"అవును సార్," అన్నాడు నిచ్చెన.

"కాదు సార్." తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది బూడిదమ్మకు. గుంపులోంచి ముందుకు వచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కన వదిలేసింది. "నేను సార్. ఆ ముఠాలో మనిషినే. ఇతనికి నడుం పట్టేస్తే నేనెక్కాను. వదిలింది నేను."

మేడమ్ కళ్ళజోడు సరిచేసుకుంది. "మీరు... కుట్టుపని కదూ?"

"సార్, వాడు ఆవిడకి తమ్ముడి లాంటివాడు, జాలికొద్దీ చెబుతోంది," మేస్త్రీ అందుకున్నాడు. "కార్డు లేని మనిషిని నేనెలా ఎక్కిస్తాను సార్? నిచ్చెన అంటేనే ఆవిడకి కళ్ళు తిరుగుతాయి."

ఇంజినీరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అతను వదిలుంటే ఇవాళే సంతకం పెడతాను. నువ్వు ఎక్కి ఉంటే ఎక్కమన్నదెవరో తేల్చాలి, అది వేరే లెక్క. కానీ నువ్వెక్కావని ఎవరు చూశారమ్మా? ఒక్కరినైనా చూపించు."

ఎవరిని చూపిస్తుంది? పట్టుకున్నవాడు కూడా తలెత్తి చూడలేదు. దిక్కు తోచక ఆమె ఫోటో వైపు తిరిగింది. ఇంత దగ్గర నుంచి దాన్ని చూడటం అదే మొదటిసారి. తాను తీర్చిన అంచు, తెరిచిన రెక్కలు, చెంపన చెయ్యి పెట్టుకున్న ఆవిడ. కిటికీకి ఎడమ పక్క రంగు ఎండిపోయి ఉంది. కుడి పక్క ఒక జానెడు మేర మాత్రం ఎండకు మెరుస్తోంది.

తడి.

ఆ రంగు ఎండలో ఎంతసేపు తడిగా ఉంటుందో ఆమెకు తెలుసు. టీ తాగి వచ్చేలోపు ఆరిపోతుంది. అంటే ఈ ఫోటో తీసినప్పుడు తాను ఇంకా దిగలేదు. నిచ్చెన మీదే ఉంది, కిటికీకి కుడి పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో. మరి తానేది? ఫోటో ఆ మెరుపు దగ్గరే తెగిపోయింది. ఎడమ పక్క అంత గోడ ఉంచి, కుడి పక్క కిటికీ రెక్కను ఆనుకుని కోసేశారు.

ఎవరో బస్సులో వెళుతూ తీశారట.

ఆమె మెల్లగా తల తిప్పింది. కూతురు తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చూపులు నేల మీద పెట్టి ఎత్తడం లేదు. ఆ రోజు వెనకాల ఆగిన బస్సుల్లో ఒక బస్సు ఈ పిల్లను మధ్యాహ్నం డ్యూటీకి తీసుకెళ్ళే బస్సు. చూసింది. దిగలేదు, పిలవలేదు. ఫోటో తీసింది.

తల్లికి కోపం రాలేదు. వచ్చింది మళ్ళీ భయమే. ఇప్పుడీ పిల్లని ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే బాగుండునని.

"ఫోటో ఉంది కదా," అన్నాడు ఇంజినీరు అప్పుడే. "ఇది తీసిన మనిషి చూసి ఉండాలి. ఎవరు తీశారు మేడమ్?"

"మా అమ్మాయే తెచ్చిందండీ," మేడమ్ తలుపు వైపు తిరిగింది. "ఎవరో బస్సులో తీసి పంపారన్నావు కదా? ఎవరు వాళ్ళు?"

గదిలో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు.

"పోనివ్వండి సార్," అంది బూడిదమ్మ గబగబా. "ఆ అమ్మాయికేం తెలుసు? చిన్నపిల్ల. కొత్తగా చేరింది. నన్నడగండి, నేను చెబుతున్నాగా..."

"అమ్మా, మీరు కాసేపు ఆగండి," అన్నాడు ఇంజినీరు.

ఆమె ఆగింది. మేస్త్రీ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. మేడమ్ చేతిలో పూలగుత్తి కాగితం చప్పుడు చేసింది. కింద హాల్లో ఎవరో పిల్లలు కేకలు వేసి, ఆ కేక కప్పుకు తగిలి తిరిగి వస్తే నవ్వుకున్నారు. ఆ నవ్వులు కూడా అణిగాయి. నిచ్చెన మొదటిసారి తల పూర్తిగా ఎత్తి ఆ పిల్ల వైపు చూశాడు. బతిమాలడం లేదు, ఊరికే చూస్తున్నాడు. పిల్ల చెయ్యి మెడలోని కార్డు దగ్గరికి వెళ్ళింది. దాన్ని పట్టుకుంది, వదిలింది, మళ్ళీ పట్టుకుంది. తల్లి కనుబొమలు ముడిచి వద్దని తల అడ్డంగా ఆడించింది, ఎవరికీ కనపడనంత చిన్నగా. పిల్ల అది చూసింది.

"నేనే తీశాను," అంది కూతురు. "నిచ్చెన మీద మా అమ్మ ఉంది. మావయ్య కింద తల వంచుకుని నిచ్చెన పట్టుకున్నాడు. మొత్తం ఫోటో నా ఫోన్లో ఉంది సార్... మా అమ్మని కోసేసింది నేనే."